జన్యువు పనిచేయు వేళ క్రొమాటిన్‌లో కలుగు మార్పులు

మన దేహమున కంటియందున్న కణమునకును, కాలేయమందున్న కణమునకును, ఎముకల మజ్జలో నెత్తురును పుట్టించు కణమునకును రూపమున పోలిక లేదు. పనియందును పోలిక లేదు. కాని ఆ మూడింటిలోను దాగియున్న వంశపారంపర్య లిపి మాత్రము ఒక్కటే. తల్లినుండి ఒక ప్రతియు, తండ్రినుండి ఒక ప్రతియు వచ్చి, మొదటి కణము రెండుగను, రెండు నాలుగుగను చీలునపుడెల్ల ఆ లిపి యంతయు తిరిగి వ్రాయబడి ప్రతి కణమునకును చేరినది. అట్లయినచో హీమోగ్లోబిన్‌ను తయారుచేయు విధానము కంటి కణమునందును వ్రాసియే యున్నది. ఉండియు ఆ కణము హీమోగ్లోబిన్‌ను ఏల చేయదు?

ఈ ప్రశ్నకు సగము జవాబు లిపిలో కలదు. తక్కిన సగము ఆ లిపిని చుట్టి, మడిచి, కట్టియుంచిన విధమున కలదు. ఈ వ్యాసమున మేము చెప్పబూనినది ఆ రెండవ సగము.

మేము తెలుగు బోధించువారము. జీవశాస్త్రము మా వృత్తి కాదు. ఐనను ఇట్టి విషయములు తెలుగున చెప్పుటకు వీలుపడదనియు, అందుచే బిడ్డలను వేరు మాధ్యమమునకు మార్చుట మేలనియు కొందరు తలిదండ్రులు మాతో అనుచున్నారు. ఆ మాటతో ఇచట వాదమునకు దిగము, పాఠమే చెప్పెదము. పాఠము బోధపడెనో లేదో చదివినవారే చెప్పవలెను.

మొదట రెండు మాటలు. కణపు కేంద్రకమందున్న డి.ఎన్.ఏ. అను పొడవైన తీగయే ఆ లిపి వ్రాయబడిన పదార్థము. ఆ తీగలో ఒక మాంసకృత్తునకో, అట్టి మరియొక పదార్థమునకో కావలసిన వ్రాత యున్న భాగమునకు జన్యువని పేరు. జన్యువునందలి వ్రాతకు ఆర్.ఎన్.ఏ. రూపమున ప్రతి వ్రాసికొనుటను శాస్త్రగ్రంథములు అనులేఖనము అనుచున్నవి. మేము ఆంధ్రప్రదేశమున ఉపాధ్యాయ శిక్షణ పొందుచున్న దినములలో తెలుగు అకాడమి వారి పుస్తకములందు ఈ మాటను మొదట చూచి మిక్కిలి సంతోషించితిమి. అనులేఖన మనగా ఉన్నదానిని చూచి వ్రాయుట. కణము చేయు పనియు సరిగా అదియే.

తాటియాకు పుస్తకమును కన్నులార చూచిన పిల్లలు నేడు తక్కువ. పూర్వులు ఆకులకు రంధ్రము చేసి, త్రాడు గ్రుచ్చి, పైనను క్రిందను చెక్క పలకలుంచి, త్రాటిని బిగించి చుట్టి, గుడ్డలో మూటకట్టెడివారు. అందు ఒక పద్యమునకు ప్రతి కావలెనన్నచో, లేఖకుడు మూట విప్పి, త్రాటిని సడలించి, కావలసిన ఆకును ఎడముచేసి, చూచి వ్రాసికొని, మరల త్రాటిని బిగించెడివాడు. ఆకును త్రాటినుండి ఊడదీయుట మాత్రము చేయడు. ఊడదీసినచో ఆకుల క్రమము చెడును. ఈ చివరి మాటను గుర్తుంచుకొనుడు. ముందు దీనితో పని యున్నది.

మానవుని ఒక్క కణమందలి డి.ఎన్.ఏ. తీగల నన్నిటిని వరుసగా చేర్చి సాగదీసినచో దాదాపు 2 మీటర్ల పొడవుండును. దానిని ఇముడ్చుకొనవలసిన కేంద్రకపు అడ్డుకొలత సాధారణముగా ఒక మిల్లీమీటరులో నూరవ వంతునకు లోపుగనే యుండును. చుట్టక, మడవక ఇది సాధ్యము కాదు. ఆ చుట్టుటకు పనికివచ్చునవి హిస్టోనులను మాంసకృత్తులు. 1884లో జర్మను శాస్త్రజ్ఞుడు ఆల్బ్రెక్ట్ కోసెల్ పెద్దబాతు నెత్తురునందలి కణములనుండి ఒక పదార్థమును వేరుచేసి, దానికి హిస్టోను అని పేరు పెట్టెను. పెద్దబాతు నెత్తురే ఏల యనగా, పక్షుల ఎర్రరక్తకణములు పెరిగిన తరువాతను కేంద్రకమును విడువవు. మన ఎర్రరక్తకణములో, పక్వమగునప్పటికి కేంద్రకమును వెలుపలికి త్రోసివేయును. డి.ఎన్.ఏ.యు, హిస్టోనులును, వానిని అంటియుండు తక్కిన మాంసకృత్తులును కలిసిన సముదాయమునకు క్రొమాటిన్ అని పేరు. ఇది రంగు అను అర్థమిచ్చు గ్రీకు మాటనుండి పుట్టినది. కణములకు అద్దకపు రంగులు పట్టించి చూచునపుడు కేంద్రకమున చక్కగా రంగు పట్టిన పదార్థమునకు వాల్తర్ ఫ్లెమింగ్ 19వ శతాబ్దమున ఈ పేరిడెను.

చుట్టిన తీరు చాలకాలము తెలియలేదు. 1974లో అమెరికాలో డోనాల్డ్ ఓలిన్స్, ఏడా ఓలిన్స్ అను దంపతులు ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో చూచి, క్రొమాటిన్ దారమునకు గ్రుచ్చిన పూసలవలె ఉన్నదని ప్రకటించిరి. ఆ సంవత్సరముననే రోజర్ కార్న్‌బర్గ్ ఆ పూస యొక్క నిర్మాణమును ఊహించి చెప్పెను. నాలుగు రకముల హిస్టోనులు రకమునకు రెండు చొప్పున ఎనిమిది కూడి ఒక ముద్ద యగును. ఆ ముద్దకు వెలుపల డి.ఎన్.ఏ. తీగ చుట్టుకొనును. అనగా పేరునకు పూసయే కాని, దారము దాని లోపలినుండి పోదు. దారము పైన చుట్టిన కండె యనుట మరింత సరియైన పోలిక. ఈ కండెకు న్యూక్లియోసోము అని పేరు. 1997లో స్విట్జర్లాండు దేశమున కరోలిన్ లూగర్, తిమొతి రిచ్మండ్ మొదలగువారు ఎక్సుకిరణములతో దీని రూపమును సూక్ష్మముగా తేల్చిరి. 147 అక్షరపు జంటల పొడవుగల తీగ ఒక్కొక్క ముద్దచుట్టును సుమారు ఒకటి ముప్పాతిక చుట్లకు కొంచెము తక్కువగా తిరిగియుండును. హిస్టోనుల కొసలు మాత్రము సన్నని తోకలవలె కండె వెలుపలికి చొచ్చుకొని యుండును. కథ యంతయు ఆ తోకలయందే కలదు.

ఇప్పుడు చిక్కు ఏమనగా, ప్రతి వ్రాయు యంత్రమైన ఆర్.ఎన్.ఏ. పాలిమరేజు తీగలోని రెండు పేటలను విడదీసి, ఒక పేటను అక్షరము వెంట అక్షరముగా చదువవలెను. కండెకు బిగిసియున్న తీగపై ఆ పని సాగదు. కావున చదువబడు చోట క్రొమాటిన్ మారితీరవలెను. ఆ మార్పును పురుగుల క్రోమోసోములందు సామాన్య సూక్ష్మదర్శినితోనే చూడవచ్చును. కొన్ని ఈగజాతి పురుగుల డింభకముల లాలాజల గ్రంథులలో వేయి, అంతకు మించిన క్రోమోసోము ప్రతులు ప్రక్కప్రక్కన అతుకుకొని, లావుపాటి పట్టెలుగా కనబడును. 1881లో బాల్బియాని యను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆ పట్టెలపై అక్కడక్కడ ఉబ్బులను చూచెను. ఆ ఉబ్బులు పనిచేయుచున్న జన్యువుల చోటులై యుండవచ్చునని 1952 ప్రాంతమున జర్మనీలో బేర్మన్ సూచించెను. 1962లో ఇటలీ దేశమున ఫెరుచ్చో రిటోస్సా పండ్లమీద వ్రాలు చిన్న ఈగల డింభకములకు వేడి తగిలించి చూడగా, కొన్ని నిమిషములలోనే క్రొత్త చోటుల ఉబ్బులు లేచెను. పాత ఉబ్బులు కొన్ని అణగెను. వేడి తగిలినపుడు దేహమును కాపాడు మాంసకృత్తుల జన్యువులు ఆ ఉబ్బులందున్నవని తరువాత తేలినది.

ఉబ్బు కనబడుచున్నది సరే, ఆ చోట కండెల గతి యేమి? అవి ఊడిపోయినవా, రూపు మార్చుకొన్నవా? ఇచట మాకు మిక్కిలి నచ్చిన ప్రయోగమును కొంచెము తీరికగా చెప్పెదము.

1976లో అమెరికాలో హెరాల్డ్ వైన్‌ట్రాబ్, మార్క్ గ్రౌడిన్ అను ఇరువురు గ్రుడ్డులో పెరుగుచున్న కోడిపిల్లల ఎర్రరక్తకణములనుండి కేంద్రకములను వేరుచేసిరి. వానిపై డి.ఎన్.ఏ.ను తెగగొట్టు ఒక ఎంజైమును కొద్దిగా వేసిరి. గట్టిగా కట్టిన చోట ఎంజైము చొరలేదు, వదులుగా ఉన్న చోట ముందుగా తెగగొట్టును. మొత్తముమీద కొద్ది భాగము మాత్రము తెగిన తరుణమున పనిని ఆపి, ఏ జన్యువు తెగెను, ఏది నిలిచెను అని పరీక్షించిరి. రక్తకణపు కేంద్రకములలో గ్లోబిన్ జన్యువు, అనగా హీమోగ్లోబిన్‌ను కట్టు మాంసకృత్తు జన్యువు, ముందుగా తెగిపోయినది. గ్రుడ్డు తెల్లసొనలోని మాంసకృత్తు జన్యువు అదే కేంద్రకమున అట్లు తెగలేదు. తెల్లసొనతో రక్తకణమునకు పని లేదుగదా! దేహమును అతికియుంచు కణజాలపు కణములనుండి తీసిన కేంద్రకములందో, గ్లోబిన్ జన్యువే అట్లు ముందుగా తెగలేదు. లిపి ఒక్కటే, జన్యువు ఒక్కటే. ఒక కణమున సడలియున్నది, మరియొక కణమున బిగిసియున్నది.

వారు అంతటితో ఆగలేదు. కండెకును కండెకును నడుమనున్న తీగను మాత్రమే ముందుగా తెగగొట్టు మరియొక ఎంజైమును వేసి చూచిరి. ఈమారు గ్లోబిన్ జన్యువు తక్కినవానికంటె ముందుగా తెగలేదు. దీని భావమేమి? గ్లోబిన్ జన్యువుపై కండెలు పోలేదు, ఉన్నవి. కాని వాని రూపము మారి తీగ సడలినది. తాటియాకు త్రాటియందే యున్నది, త్రాడు మాత్రము వదులైనది. ఇది తుదిమాట కాదు. మిక్కిలి ముమ్మరముగా చదువబడు జన్యువులపై కొన్ని కండెలు నిజముగానే తొలగిపోవుననియు, చదువు ఆరంభమగు చోట తరచుగా కండెలు లేని ఖాళీ యుండుననియు తరువాతి పరిశోధనలు చూపినవి.

త్రాటిని సడలించు వేళ్లు ఎవరివి? 1964లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో విన్సెంట్ ఆల్‌ఫ్రీయు అతని తోడివారును, హిస్టోనులకు ఎసిటైల్ అను చిన్న రసాయన సమూహము అంటుకొనుటకును ఆర్.ఎన్.ఏ. వ్రాతకును సంబంధమున్నదని సూచించిరి. కారణము సుబోధకము. హిస్టోను తోకలలోని లైసీను అను అంశములకు ధనావేశము కలదు, డి.ఎన్.ఏ. తీగకు ఋణావేశము కలదు. కావున రెండును గట్టిగా పట్టుకొనును. లైసీనుకు ఎసిటైల్ అంటుకొన్నచో ఆ ధనావేశము పోవును, పట్టు సడలును. అంతేకాక, ఎసిటైల్ అంటిన తోకను గుర్తుపట్టి వచ్చి చేరు మాంసకృత్తులును కలవు. అనగా అది సడలింపే కాక పిలుపు గుర్తు కూడ నైనది.

ఐనను ముప్పది సంవత్సరములపాటు పెక్కుమంది దీనిని పట్టించుకొనలేదు. హిస్టోనులు వట్టి మూటగుడ్డ యని వారి తలంపు. 1996లో డేవిడ్ ఆలిస్ పరిశోధనశాలవారు టెట్రాహైమినా అను ఏకకణజీవి నుండి ఎసిటైల్ అంటించు ఎంజైమును పట్టుకొని చూడగా, అది ఈస్టునందు జన్యువులను మేలుకొలుపుటకు తోడ్పడునని అంతకు ముందే తెలిసియున్న ఒక మాంసకృత్తునకు అచ్చముగ తోబుట్టువై యుండెను. ఆ యేడే స్టూవర్ట్ ష్రైబర్ పరిశోధనశాలవారు ఎసిటైల్‌ను ఊడదీయు ఎంజైమును కనుగొనిరి. అదియు జన్యువులను అణచు నొక మాంసకృత్తునకు చుట్టమే. విప్పు చేయియు, కట్టు చేయియు ఒకే సంవత్సరమున దొరికినవి. చెరువు నీటిలోని ఒంటికణపు జీవి మనుష్య దేహపు రహస్యమునకు త్రోవ చూపుట మాకు ఎంతయో వింతగా తోచును.

ఇవి గాక, కణపు ఇంధనమైన ఏ.టి.పి.ని ఖర్చుచేసి కండెలను తీగవెంట ప్రక్కకు జరపునట్టియు, ఒక్కొక్కప్పుడు పూర్తిగా తీసివేయునట్టియు మాంసకృత్తుల కూటములు కలవు. దారి చూపువారు, సడలించువారు, జరపువారు కూడిన పిదప పాలిమరేజు జన్యువు మొదట నిలుచును, కదలును.

కదలిన పిదప దాని వేగము నిమిషమునకు ఇంచుమించు 2 వేల అక్షరములు. మన బీటా గ్లోబిన్ జన్యువు పొడవు సుమారు 1,600 అక్షరములు. ఇన్నూరు అక్షరములకు ఒకటి చొప్పున లెక్కించినచో, ఒక నిమిషమునకు లోపుగ అది ఎనిమిది కండెలను దాటిపోవలెను! ఫ్యాక్ట్ అను పేరుతో 1998లో వర్ణింపబడిన ఒక మాంసకృత్తు జంట ఇందు సాయపడును. అది ఎనిమిదింటిలో రెండు హిస్టోనులను తాత్కాలికముగా సడలించి పాలిమరేజుకు దారి యిచ్చి, అది దాటిపోగానే వానిని మరల తమ చోట కూర్చును.

ఈ మరల కూర్చుటను చాలమంది చిన్నపనిగా తలతురు. మా దృష్టిలో ఇది విప్పుటకంటె గొప్పది. ఈస్టునందు పాలిమరేజు వెంటనే నడచు ఒక ఎంజైము, తాను దాటిన కండెల తోకలపై ఒక గుర్తు పెట్టుకొనుచు పోవును. ఆ గుర్తును చూచి ఎసిటైల్‌ను ఊడదీయు ఎంజైము వచ్చి, సడలిన చోటును తిరిగి బిగించును. ఈ ఏర్పాటును చెరచిన ఈస్టు కణములను 2005లో పరీక్షింపగా, వానిలో అనులేఖనము జన్యువు మొదటినుండి కాక నడుమనుండియు ఆరంభమై, తలలేని తప్పుడు ప్రతులు పుట్టుచున్నవని తేలినది. త్రాడు బిగింపని లేఖకుని పుస్తకమున, తరువాత వచ్చినవాడు పద్యము మూడవ పాదమునుండి చదువుటవంటిది ఇది.

ఇంతవరకు కోడిపిల్లలు, ఈగలు, ఈస్టులు. ఇక మన ఇండ్లకు వత్తము. ఒడిశా పశ్చిమ జిల్లాలందును, దక్షిణమున కొండసీమలందును, సరిహద్దునకు ఆవల ఆంధ్ర మన్యమునందును సికిల్ సెల్ అను కొడవలికణ రక్తవ్యాధి కలదు. మన దేశమున దీనిని 1952లో నీలగిరులలో మొదట గుర్తించిరి. గ్లోబిన్ జన్యువులో ఒక్క అక్షరము మారుటచే, ప్రాణవాయువు తగ్గినపుడు ఎర్రరక్తకణములు కొడవలివలె వంగి, సన్నని నాళములలో చిక్కుకొని, భరింపరాని నొప్పులు పుట్టించును. ఇది గిరిజనులకు మాత్రమే వచ్చునను మాట నిజము కాదు.

1948లో అమెరికాలో జానెట్ వాట్సన్ అను శిశువైద్యురాలు, పసికందుల నెత్తురున కొడవలి కణములు మిక్కిలి తక్కువగా ఉండుటను గమనించి, పుట్టకముందు శిశువునందుండు హీమోగ్లోబిన్ వారిని కాపాడుచున్నదేమో యని ఊహించెను. ఆ ఊహ నిజమైనది. గర్భమందలి శిశువు గామా గ్లోబిన్ అను వేరు జన్యువును చదువును. పుట్టిన పిదప కొన్ని నెలలలో ఆ జన్యువుపై క్రొమాటిన్ బిగియును, బీటా జన్యువుపై సడలును. దోషమున్నది బీటాయందు గనుక, జబ్బు అప్పుడు బయటపడును. గామా జన్యువు నశింపలేదు. మూటకట్టబడి లోననే యున్నది. దానిని మూయించు మాంసకృత్తులలో ముఖ్యమైనది బి.సి.ఎల్.11ఏ అని 2008లో తేలినది. అది గామా జన్యువు ముంగిట కూర్చుండి, ఎసిటైల్‌ను ఊడదీయువారిని, కండెలను జరపువారిని పిలిచి చోటును మూయించును.

కావున రోగి మూలకణములను వెలుపలికి తీసి, రక్తకణములలో ఆ మూయించు మాంసకృత్తును పుట్టించు మీటను కత్తిరించి, తిరిగి ఎక్కించినచో గామా జన్యువు మరల తెరచుకొనవలెను. ఈ చికిత్సకు 2023 నవంబరులో బ్రిటనును, డిసెంబరులో అమెరికాయును అనుమతి నిచ్చినవి. కాస్‌జెవి యని దాని పేరు. అమెరికాలో ప్రకటించిన వెల 22 లక్షల డాలర్లు. ముందుగా మజ్జను ఖాళీచేయు తీవ్రమైన మందులును తీసికొనవలెను. మన ఊళ్లవారికి ఇది అందనిదే. కాని హైడ్రాక్సీయూరియా అను మాత్ర వైద్యుని పర్యవేక్షణలో దినదినము వాడిన పెక్కుమంది రోగులలో అదే శిశు హీమోగ్లోబిన్‌ను కొంత పెంచి, నొప్పులను తగ్గించుచున్నది.

తలిదండ్రులకు ఒక్క మాట. తల్లియు తండ్రియు ఇరువురును పైకి ఆరోగ్యముగా ఉండి, ఈ దోషపు అక్షరమును ఒక్కొక్క ప్రతియందు మోయుచున్నచో, ప్రతి కాన్పునందును బిడ్డకు జబ్బు కలుగుటకు నాలుగింట ఒక పాలు అవకాశము కలదు. మోయుచున్నది లేనిది ఒక రక్తపరీక్షతో తెలియును. 2023 జూలై 1న భారత ప్రభుత్వము ఈ వ్యాధి నిర్మూలనకై జాతీయ కార్యక్రమము నారంభించినది. అందు నలువది ఏండ్లలోపు వారికి పరీక్షలు చేయుట ఒక భాగము. పెండ్లి సంబంధములకు జాతకములు చూపించువారు ఈ పరీక్షాపత్రమును కూడ చూచుకొన్నచో మంచిది.

పిల్లలకు ఒక ప్రశ్న. మన చేతివేలినుండి తీసిన నెత్తుటి చుక్కలోని పక్వమైన ఎర్రరక్తకణములతో వైన్‌ట్రాబ్ ప్రయోగమును చేయబూనినవానికి ఏ చిక్కు కలుగును? కోడిపిల్ల నెత్తురుతో ఆ చిక్కు ఏల లేదు? జవాబును తెలుగున, ఒక పుటకు మించకుండ వ్రాసి, వేసవి సెలవులకు ముందు మాకు ఇయ్యవలెను. వానిలో మంచివానిని వచ్చు సంచికలో ప్రకటింతుము.